బోర్డు మీద పాత మాట: ఎస్‌కాన్స్‌లో సొంత బిల్డర్ రాయడం

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు యూనిట్‌కి తూకం బోర్డు చేసిచ్చాను. ఎర్ర ఎల్‌ఈడీల బోర్డు. కాటా మీద బస్తా పెట్టగానే పైన బరువు, కింద వరసలో సరుకు రకం తెలుగులో వస్తాయి. పెట్టిన వారానికి ఓనరు ఫోన్ చేసి చిన్న మార్పు అడిగాడు. "బ్యాగు" అని వస్తోంది, "బస్తా" అని రావాలట. న్యాయమే. ఇక్కడ పిక్కలు కొనేది, అమ్మేది, ధర కోసం రోడ్డెక్కేది అన్నీ 80 కిలోల బస్తా లెక్కనే.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నా గదిలో కూర్చుని పదాల ఫైల్లో ఆ ఒక్క మాట మార్చాను. బిల్డ్ కొట్టాను, చిప్‌లోకి ఎక్కించాను, బండి మీద 70 కిలోమీటర్లకు పైగా వెళ్లి చిప్‌ని బోర్డుకి బిగించాను. స్విచ్ వేస్తే "బ్యాగు" అనే వచ్చింది. ఓనరు బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏటి బాబూ, మార్చీసినానన్నావు. మాటేటీ మారనేదు" అన్నాడు.

తిరిగొచ్చాక టెర్మినల్ పైకి జరిపి చూశాను. బిల్డ్ కొట్టినప్పుడు ఎస్‌కాన్స్ ఒక్క లైను చూపించింది, అంతా అప్ టు డేట్‌గానే ఉందని. అంటే అది ఏ పనీ చేయలేదు. చిప్‌లోకి నేను పాత ప్రోగ్రామునే రెండోసారి ఎక్కించాను. ఆ లైను చదవకపోవడం నా తప్పు. కానీ ఎస్‌కాన్స్‌కి అలా అనిపించడానికి కారణం నేను రాసిన బిల్డర్. పదాల ఫైలు సంగతి నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు.

ఎస్‌కాన్స్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రాములో చాలా ఫైళ్లున్నప్పుడు, ఏది మారితే దేన్ని మళ్లీ తయారు చేయాలో చూసుకునేదాన్ని బిల్డ్ టూల్ అంటారు. ఈ వంశానికి పెద్ద మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు, ఇప్పటికీ గట్టిగానే ఉంది. పెర్ల్‌లో ఉన్న కాన్స్ అనే టూల్ పద్ధతిని పైథాన్‌లోకి తెస్తూ స్టీవెన్ నైట్ 2000లో సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ పోటీకి ఒక డిజైన్ పంపాడు. అది గెలిచింది, అందులోంచి ఎస్‌కాన్స్ వచ్చింది. బిల్డ్ ఫైలు కూడా అచ్చంగా పైథాన్ ప్రోగ్రామే, పేరు ఎస్‌కన్‌స్ట్రక్ట్. మేక్ అయితే ఫైలు తేదీ చూసి మారిందో లేదో తేలుస్తుంది. ఎస్‌కాన్స్ మామూలుగా ఫైల్లో ఉన్న సరుకునే చూస్తుంది. ప్రతి ఫైలుకీ ఒక హ్యాష్, అంటే లోపలి సరుకుని బట్టి వచ్చే వేలిముద్ర లాంటి అంకె, తీసి దాచుకుని, ఈసారి హ్యాష్ అదే అయితే మీరు పదిసార్లు సేవ్ చేసినా మారనట్టే లెక్కేస్తుంది.

సి ఫైళ్లని కంపైల్ చేయడం, లైబ్రరీ కట్టడం లాంటి పనులకి బిల్డర్లు దాంతోపాటే వస్తాయి. మనకి మాత్రమే ఉన్న వింత పనికి మనమే రాసుకోవాలి. నా వింత పని తెలుగు.

"శ్రీ" అన్న అక్షరం చూడండి. కంప్యూటర్ లెక్కలో అది నాలుగు కోడ్లు: శ, విరామం, ర, ఈకారం. తెర మీద మాత్రం ఒకే బొమ్మ. ఆ నాలుగింటినీ కలిపి ఒక బొమ్మగా కూర్చే పని ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఫాంటు చూసుకుంటుంది. బోర్డులో ఉన్న మైక్రోకంట్రోలర్‌కి అంత మెమరీ లేదు. కాబట్టి మాటల్ని ముందే నా కంప్యూటర్ మీద హార్ఫ్‌బజ్ లైబ్రరీతో కూర్చి, చుక్కల బొమ్మలుగా మార్చి, ఆ చుక్కల్ని సి భాషలో అంకెల పట్టీగా రాసే పైథాన్ స్క్రిప్టు ఒకటి పెట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరం 8 వరసల్లో హాయిగా కూర్చుంటుంది. తెలుగుకి పైన గుడి, కింద వత్తు పెట్టి 16 వరసల్లో కుదిస్తే ఏ వత్తో పోల్చుకోలేం. 24కి వెళ్లాను. ఫాంటు పేరు గిడుగు, ఈ జిల్లాలోనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన రామమూర్తి పంతులు గారి పేరు. జనం నోట్లో మాటే రాతలోనూ ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి పేరున్న ఫాంటుతో జనం అనని మాట చూపించాను, ఓనరు ఊరుకుంటాడా.

ఈ పనికి రాసుకున్న బిల్డర్‌కి బొమ్మ అని పేరు పెట్టాను. ఇక్కణ్నుంచి అంతా దాని కథే.

పొందూరులో ఖద్దరు పని చూసినవాళ్లకి బిల్డర్ అంటే ఏమిటో చెప్పడం తేలిక. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. గింజ తీస్తారు, ఏకుతారు, ఏకులు చుడతారు. ఏకు నుంచి నూలు, నూలు నుంచి గుడ్డ. ఒకరి చేతిలో తయారైనది పక్కవాళ్లకి ముడిసరుకు. బిల్డర్‌లోనూ ఇవే మూడు: ముడిసరుకుని సోర్స్ అంటారు, తయారయ్యేదాన్ని టార్గెట్ అంటారు, మధ్యలో జరిగే పని యాక్షన్. బొమ్మ బిల్డర్‌కి సోర్స్ మాటల ఫైలు, టార్గెట్ సి ఫైలు, యాక్షన్ నా స్క్రిప్టుని నడపడం. ఆ టార్గెట్టే మళ్లీ కంపైలర్‌కి సోర్స్.

తేడా ఏమిటంటే పొందూరులో మనుషులకి కళ్లున్నాయి. దవడ పళ్లు అరిగి పత్తి సరిగా దువ్వుకోకపోతే చేతికే తెలిసిపోతుంది. ఎస్‌కాన్స్‌కి కళ్లు లేవు. సోర్స్ ఇది, టార్గెట్ ఇది అని మనం చెప్పిందే దానికి లోకం. చేప దవడ మార్చామని చెప్పకపోతే, పత్తి అదే కదా అని పాత ఏకులే చూపిస్తుంది.

బిల్డర్ రాయడానికి కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ యాక్షన్ మీదే బుర్ర పెడతారు. కమాండ్ ఎలా రాయాలి, ఆప్షన్లు ఎలా ఇవ్వాలి. అది పది నిమిషాల పని. నా అనుభవంలో మిగిలిన కష్టమంతా ఒక్కచోటే ఉంది. ఆ కమాండ్ నడిచేటప్పుడు ఏయే ఫైళ్లు చదువుతుందో, ఏయే ఫైళ్లు రాస్తుందో ఒక్కటి కూడా దాచకుండా చెప్పడం. బిల్డర్‌లో కనిపించే మిగతా అంగాలన్నీ, స్కానర్, ఎమిటర్ వగైరా, ఈ వాంగ్మూలం పూర్తి చేయడానికే ఉన్నాయి.

చదవడం వేరు, చేయడం వేరు

ముందు ఒక చిక్కు విప్పాలి, ఇది తెలియకపోతే మిగతా ఏదీ అర్థం కాదు. ఎస్‌కాన్స్ రెండు దశల్లో నడుస్తుంది. మొదట ఎస్‌కన్‌స్ట్రక్ట్ ఫైలు మొత్తం చదువుతుంది. మీరు బొమ్మ బిల్డర్‌ని పిలిచిన లైను వచ్చినప్పుడు స్క్రిప్టు నడవదు. "ఈ సోర్స్ నుంచి ఈ టార్గెట్ రావాలి" అని చిట్టాలో రాసుకుని, ఆ టార్గెట్‌కి గుర్తుగా ఒక నోడ్‌ల లిస్టు మీ చేతికిస్తుంది. నోడ్ అంటే ఒక ఫైలుకి ఎస్‌కాన్స్ తన చిట్టాలో పెట్టుకునే గుర్తు. ఫైలంతా చదివాక చిట్టా మొత్తం ముందు పెట్టుకుని, ఏది మారిందో తేల్చి, అప్పుడు పనిలోకి దిగుతుంది. పెళ్లికి వంటమేస్త్రి ముందురోజు సరుకుల లిస్టు రాయించుకుంటాడు చూడండి, అది మొదటి దశ. లిస్టులో పులిహోర అని రాసినంత మాత్రాన విస్తట్లో పడదు.

నేను మొదట్లో బిల్డర్‌ని పిలిచి, కింది లైన్లోనే తయారైన సి ఫైలుని తెరిచి సైజు చూద్దామనుకున్నాను. ఫైలే లేదని ఎర్రర్ వచ్చింది. ఎర్రర్ వచ్చింది కాబట్టి బతికిపోయాను. రెండోసారి నుంచి అయితే ఎర్రర్ కూడా రాదు, నిన్నటి ఫైలు డిస్కులో ఉంటుంది కదా. నిన్నటి సైజు చూసి ఇవాళ్టిది అనుకుంటాం.

యాక్షన్ రెండు రకాలుగా ఇవ్వొచ్చు. టెర్మినల్‌లో కొట్టే కమాండునే స్ట్రింగ్‌గా ఇవ్వడం ఒకటి. అందులో సోర్స్, టార్గెట్ ఉండాల్సిన చోట డాలర్ గుర్తుతో ఆ పేర్లు పెడితే, అసలు ఫైళ్ల పేర్లు అదే నింపుకుంటుంది. ఎత్తు, ఫాంటు లాంటివి కూడా ఇలాగే మన సొంత వేరియబుల్స్‌గా పెట్టొచ్చు. దీనికి ఒక మంచి గుణం ఉంది. నింపిన తర్వాత కమాండ్ ఎలా ఉందో కూడా ఎస్‌కాన్స్ గుర్తుపెట్టుకుంటుంది. ఎత్తు 16 నుంచి 24 చేయగానే కమాండ్ మారింది, ఫైళ్లేవీ మారకపోయినా బొమ్మలన్నీ మళ్లీ తయారవుతాయి. కమాండులో ఏదైనా ముక్క ఫలితాన్ని మార్చనిదైతే, ఎన్ని కోర్లు వాడాలన్న ఆప్షన్ లాంటిది, డాలర్ గుర్తు ముందు పెట్టిన బ్రాకెట్ల జంట మధ్య దాన్ని ఉంచితే లెక్కలోంచి వదిలేస్తుంది.

రెండో రకం పైథాన్ ఫంక్షన్. టార్గెట్, సోర్స్, ఎన్విరాన్‌మెంట్ అని మూడు వస్తాయి దానికి. ఎన్విరాన్‌మెంట్ అంటే బిల్డర్లు, ఎత్తు, ఫాంటు లాంటి మన సెట్టింగులన్నీ ఉండే సంచి. ఫైలు ఒక్కటే ఉన్నా మొదటి రెండూ లిస్టులే, అందులో ఉండేవి నోడ్లు, పేర్లు కావు. పేరు కావాలంటే స్ట్రింగ్‌గా మార్చుకోవాలి. పని సరిగ్గా అయితే సున్నా ఇవ్వాలి, లేదా ఏమీ ఇవ్వకుండా వదిలేయాలి. ఈ సంగతి నేను ఎలా నేర్చుకున్నానంటే, ఫంక్షన్ చివర ఎన్ని బొమ్మలు తయారయ్యాయో ఆ లెక్కని గొప్పగా రిటర్న్ చేశాను. 37 బొమ్మలు చక్కగా తయారయ్యాయి. ఎస్‌కాన్స్ మాత్రం "ఎర్రర్ 37" అని ఆగిపోయింది. ఎర్రర్ నంబర్ 37 అంటే ఏమిటా అని గంటసేపు వెతికాను.

ఫంక్షన్‌తో అంతకంటే లోతైన గొయ్యి ఒకటుంది. ఫంక్షన్ మారిందా లేదా అన్నది ఎస్‌కాన్స్ దాని బైట్‌కోడ్, అంటే పైథాన్ దాన్ని లోపల మార్చుకున్న రూపం, చూసి తెలుసుకుంటుంది. ఫంక్షన్ లోపల మీరు ఎన్విరాన్‌మెంట్ నుంచి ఎత్తు విలువని తీసుకుంటున్నారనుకోండి, బయట ఎత్తు మార్చినా ఫంక్షన్ కోడ్ మారలేదు కాబట్టి దానికి తెలియదు. యాక్షన్ తయారు చేసేటప్పుడు వార్‌లిస్ట్ అన్నచోట ఎత్తు, ఫాంటు అని పేర్లు రాసివ్వాలి. అప్పుడే ఆ విలువల మీద కన్నేస్తుంది. అలాగే మీ ఫంక్షన్ పిలిచే ఇంకో సహాయ ఫంక్షన్‌లో మార్పు చేస్తే దాన్ని కూడా చూడదు. అందుకే కమాండ్‌గా రాయగలిగినదాన్ని నేను ఫంక్షన్‌గా రాయను. రుచి సంగతి కాదు, దాచడానికి తక్కువ చోట్లు ఉంటాయని.

చదివేవన్నీ చెప్పడం

ఇప్పుడు అసలు నేరం దగ్గరికి. నా మాటల ఫైలు మొదటి లైన్లో "చేర్చు" అని రాసి పక్కన ఇంకో ఫైలు పేరు ఉంటుంది. గుండు, బద్ద, నూక, బస్తా లాంటి అన్ని బోర్డులకీ పనికొచ్చే పదాలు ఆ రెండో ఫైల్లో, అంటే పదాల ఫైల్లో, ఉంటాయి. స్క్రిప్టు నడిచేటప్పుడు దాన్ని తెరిచి చదువుకుంటుంది. బిల్డర్‌కి మాత్రం నేను మొదటి ఫైలే సోర్స్‌గా చెప్పాను. "బ్యాగు" ఉన్నది రెండోదాంట్లో.

అన్ని పదాల ఫైళ్లనీ చేత్తో సోర్స్ లిస్టులో రాసేయొచ్చు కదా అంటారా. ఇవాళ రాస్తాం. ఆరు నెలల తర్వాత మాటల ఫైల్లో ఇంకో "చేర్చు" లైను పెట్టినప్పుడు ఎస్‌కన్‌స్ట్రక్ట్‌లోనూ రాయాలని ఎవరికి గుర్తుంటుంది? సి ఫైళ్లలో చేర్చే హెడర్ ఫైళ్ల సంగతి ఎస్‌కాన్స్ ఎలా చూసుకుంటుందో ఇక్కడా అదే చేయాలి. ఫైలుని తెరిచి, అందులో ఏయే ఫైళ్లని చేర్చమన్నారో వెతికే చిన్న ఫంక్షన్ రాసివ్వాలి. దాన్నే స్కానర్ అంటారు. నా స్కానర్ పట్టుమని పది లైన్లు లేదు. నోడ్‌లోని టెక్స్ట్ తీసుకుంటుంది, "చేర్చు" తర్వాత ఉన్న పేర్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో ఏరుతుంది, ఆ పేర్లని మాటల ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే ఉన్నట్టుగా ఫైల్ నోడ్లు చేసి తిరిగిస్తుంది. చేర్చిన ఫైల్లో మళ్లీ "చేర్చు" ఉండొచ్చు కాబట్టి రికర్సివ్ అన్న గుర్తు కూడా పెట్టాను. ఫోల్డర్ సంగతి ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఉత్త పేరుని అలాగే తిరిగిస్తే వేరే చోట వెతికి, అవసరమైన ఫైలు దొరకలేదని బిల్డ్ ఆపేస్తుంది.

స్కానర్‌కి పైథాన్ పార్సర్ అంత తెలివి అక్కర్లేదు. కామెంట్‌లో ఉన్న "చేర్చు"ని కూడా పట్టుకుందనుకోండి, ఆ ఫైలు ఉన్నంతవరకూ నష్టం ఏమిటి, అప్పుడప్పుడు అనవసరంగా ఒక బొమ్మ మళ్లీ తయారవుతుంది, రెండు సెకన్లు. తక్కువ చెప్తే నష్టం కాశీబుగ్గ వరకూ వెళ్తుంది.

స్కానర్ పెట్టాక ఇంక అయిపోయిందనుకున్నాను. తర్వాత స్క్రిప్టులో ఒక తప్పు దిద్దాను, వత్తు ఒక చుక్క కిందికి జారుతోంది. దిద్ది బిల్డ్ కొడితే మళ్లీ అదే లైను: అప్ టు డేట్. ఈసారి చదివాను.

ఇక్కడ ఎస్‌కాన్స్ సగం సాయం చేస్తుంది, ఆ సగమే మనల్ని పడేస్తుంది. కమాండ్‌లో మొదటి మాట ఏ ప్రోగ్రామో చూసి, అది పాత్‌లో, అంటే ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల వరసలో, దొరికితే, దాన్ని కూడా ఒక సోర్స్‌లా చూసుకుంటుంది. కంపైలర్ మారితే ప్రోగ్రాము మళ్లీ కట్టేది అందుకే. నా కమాండ్‌లో మొదటి మాట పైథాన్. స్క్రిప్టు పేరు రెండోది. అంటే ఎస్‌కాన్స్ పైథాన్ మారిందా అని చూస్తోంది కానీ నా స్క్రిప్టు వైపు చూడటం లేదు. చేప దవడ పట్టుకున్న చేతిని చూసి దవడని వదిలేసినట్టు. ఇంప్లిసిట్ కమాండ్ డిపెండెన్సీస్ అని ఒక వేరియబుల్ ఉంది, దాంతో కమాండ్‌లోని మిగతా మాటల్నీ చూడమని చెప్పొచ్చు. నేను మాత్రం డిపెండ్స్ అన్న పిలుపుతో, ఈ టార్గెట్ ఆ స్క్రిప్టు మీద ఆధారపడుతుందని నేరుగా చెప్పేశాను. ఫాంటు ఫైలుకీ అదే. ఫాంటు పేరు కమాండ్‌లో ఉంది కాబట్టి పేరు మారితే తెలుస్తుంది, అదే పేరుతో కొత్త వెర్షన్ దించుకుంటే తెలియదు.

రాసేవన్నీ చెప్పడం

రాసేవాటి విషయంలోనూ నేను అంతే తెలివితక్కువగా ఉన్నాను, కానీ అదృష్టం కొద్దీ చాలా రోజులు నడిచింది. స్క్రిప్టు రెండు ఫైళ్లు రాస్తుంది: అంకెల పట్టీలున్న సి ఫైలు, వాటి పేర్లున్న హెడర్. బిల్డర్‌కి సి ఫైలు సంగతే తెలుసు. మామూలుగా బిల్డ్ చేస్తే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, హెడర్ సమయానికి ఉండేది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక ఒకేసారి నాలుగు పనులు నడిచేలా మైనస్ జె 4 పెట్టాను. అప్పట్నుంచి మొదటి బిల్డ్ ఒక్కోసారి హెడర్ లేదని ఆగిపోవడం, మళ్లీ కొడితే అయిపోవడం. "ఇంకోసారి కొట్టి చూడు, అయిపోద్ది" అన్నంత వరకూ వచ్చిందంటే ఆ బిల్డ్‌లో ఎవరో ఏదో చెప్పలేదని అర్థం. మెయిన్ ఫైలుకి ఆ హెడర్ కావాలి, హెడర్ ఎక్కణ్నుంచి వస్తుందో ఎస్‌కాన్స్‌కి తెలియదు కాబట్టి ఎదురుచూడదు. ఎవరు ముందు పరిగెడితే వాళ్లది.

దీనికి ఎమిటర్. బిల్డర్‌ని పిలిచినప్పుడు టార్గెట్ల లిస్టు, సోర్స్‌ల లిస్టు ముందు ఎమిటర్ చేతికి వస్తాయి. అది వాటికి కలపాల్సినవి కలిపి రెండింటినీ తిరిగిస్తుంది. నాది సి ఫైలు పేరు తీసుకుని, చివర డాట్ హెచ్ పెట్టి, టార్గెట్లలో చేరుస్తుంది. దాంతో పరుగుపందెం ఆగిపోయింది. ఇంకో లాభం, మైనస్ సి ఇచ్చి శుభ్రం చేయమన్నప్పుడు హెడర్ కూడా పోతుంది. అంతకుముందు పోయేది కాదు, అది కొన్ని వింత తప్పుల్ని దాచిపెట్టింది కూడా. స్క్రిప్టు, ఫాంటు మీద డిపెండ్స్ చెప్పే లైన్లని కూడా ఎమిటర్‌లోకే తెచ్చాను. బిల్డర్‌ని పిలిచిన ప్రతిచోటా మళ్లీ రాయక్కర్లేదు. ఫాంటుని సోర్స్‌ల లిస్టులోనే కలిపేయొచ్చు కానీ, కమాండ్‌లో అన్ని సోర్స్‌లూ కావాలని రాసినప్పుడు అది కూడా మాటల ఫైల్లా వెళ్లిపోతుంది.

ఎమిటర్ నడిచేది మొదటి దశలో, అంటే చదివే దశలో. సోర్స్ ఫైలు తెరిచి అందులో ఏముందో చూసి టార్గెట్లు ఎన్నో తేల్చే ఎమిటర్ రాస్తే, ఆ సోర్స్ చేత్తో రాసిన ఫైలు అయినంతవరకూ బాగుంటుంది. ఆ సోర్స్‌ని ఇంకో బిల్డర్ తయారు చేయాల్సి ఉంటే అప్పటికి అది పుట్టి ఉండదు. స్కానర్‌కి ఈ ఇబ్బంది లేదు, అది రెండో దశలో, సోర్స్ తయారయ్యాకే నడుస్తుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగితే నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

రాసేవాటిలో కనపడని ఇంకో దొంగ ఉన్నాడు. తయారైన సి ఫైలు పైన స్క్రిప్టు ఒక కామెంట్ రాసేది, ఫలానా తేదీ, ఫలానా సమయానికి తయారైంది అని. చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని పెట్టాను. ఎస్‌కాన్స్ సరుకుని చూస్తుందని చెప్పాను కదా. మాటల ఫైల్లో కామెంట్ మాత్రమే మార్చినప్పుడు బొమ్మ బిల్డర్ నడుస్తుంది, కానీ వచ్చిన సి ఫైలు పాతదానిలాగే ఉంటే అక్కడితో ఆగిపోతుంది. కంపైలర్, లింకర్ నడవవు. మేక్ కన్నా ఇది వాడటంలో నాకు అన్నిటికన్నా నచ్చిన లాభం ఇదే. తేదీ లైను ఆ లాభం మొత్తం తినేసింది. ప్రతిసారీ తేదీ వేరు, ఫైలు వేరు, కింద ఉన్నవన్నీ మళ్లీ కట్టు. ఆ లైను తీసేశాను.

మిగతావి చిన్న చిన్న తగులుళ్లు, తగిలినప్పుడు మాత్రం నొప్పే. టెర్మినల్‌లో నడిచే కమాండ్ ఎస్‌కాన్స్‌లో దొరకలేదంటే భయపడకండి. మీ షెల్‌లోని పాత్‌ని అది కావాలనే తీసుకోదు, ఒకరి మెషీన్ మీద ఒకలా, ఇంకొకరి మెషీన్ మీద ఇంకోలా బిల్డ్ అవ్వకూడదని. కావాల్సిన దారిని ఎన్విరాన్‌మెంట్‌లోని ఎన్వ్ అన్న చోట మీరే ఇవ్వాలి. కొత్త బిల్డర్‌ని ఎన్విరాన్‌మెంట్ తయారు చేసేటప్పుడే బిల్డర్స్ అని ఇచ్చేస్తే, దాంతో వచ్చే ప్రోగ్రామ్ బిల్డరే మాయమవుతుంది, ఉన్నవాటి స్థానంలో మీది కూర్చుంటుంది కాబట్టి. అపెండ్‌తో కలపండి. రెండు మూడు మాటల ఫైళ్లని ఒకేసారి ఇస్తే అన్నీ కలిపి ఒకే టార్గెట్ వస్తుంది. ఒక్కోదానికి ఒక్కోటి కావాలంటే బిల్డర్‌కి సింగిల్ సోర్స్ అన్న గుర్తు పెట్టాలి. రెండు మూడు ప్రాజెక్టుల్లో వాడేంత పనికొస్తే దాన్ని సైట్ ఎస్‌కాన్స్ ఫోల్డర్‌లో సైట్ టూల్స్ కింద పెట్టి, జనరేట్, ఎగ్జిస్ట్స్ అన్న రెండు ఫంక్షన్లు రాస్తే టూల్ అయిపోతుంది.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. ఒక్కచోట ఒక్కసారి నడిచే పనికి బిల్డర్ రాయడం దండగ. కమాండ్ అన్న పిలుపుతో టార్గెట్, సోర్స్, యాక్షన్ ఇచ్చేస్తే చాలు. అదే పని మూడోసారి అతికిస్తున్నారనిపించినప్పుడు బిల్డర్ గురించి ఆలోచించండి. నేను మొదటిసారే రాశాను, బోర్డులు పెరుగుతాయన్న ఆశతో.

బిల్డర్ నిజం చెప్తోందో లేదో నేను చూసే పద్ధతి ఇది. అంతా శుభ్రం చేసి ఒకసారి కడతాను. ఏమీ మార్చకుండా మళ్లీ కొడతాను, ఏ పనీ చేయకూడదు. చేసిందంటే కమాండ్‌లో ఎక్కడో తేదీ లాంటిది దూరింది. తర్వాత ఒక్కొక్క ఫైల్లో ఒక్కొక్క అక్షరం మారుస్తూ వెళ్తాను: మాటల ఫైలు, చేర్చిన పదాల ఫైలు, స్క్రిప్టు, ఎత్తు. ఫాంటు ఫైలు బదులు అదే పేరుతో వేరే ఫాంటు పెడతాను. ప్రతిసారీ డీబగ్ ఈక్వల్స్ ఎక్స్‌ప్లెయిన్ అన్న ఆప్షన్ ఇస్తే, ఈ టార్గెట్‌ని ఎందుకు మళ్లీ కడుతున్నానో అదే చెప్తుంది, ఫలానా ఫైలు మారింది, ఫలానా యాక్షన్ మారింది అని. ఏదైనా మార్చినప్పుడు అది నోరు విప్పకపోతే ఆ ఫైలు గురించి నేను చెప్పలేదన్నమాట. ట్రీ అన్న ఆప్షన్ ఇస్తే ఏది దేని మీద ఆధారపడిందో చెట్టులా గీసి చూపిస్తుంది, పదాల ఫైలు ఆ చెట్టులో ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఈ పరీక్ష మొత్తానికి పావుగంట పడుతుంది.

"బస్తా" ఎక్కించిన చిప్‌తో రెండోసారి వెళ్లినప్పుడు ఓనరు టీ తెప్పించి, ఇంకో కోరిక బయటపెట్టాడు. పప్పు కొట్టే ఆడవాళ్లలో కొందరు ఒడిశా నుంచి వస్తారు, వాళ్లకి తెలుగు చదవడం రాదు, కింద ఒడియాలో కూడా వస్తే బాగుంటుందన్నాడు. ఒడియాకి గిడుగు ఫాంటు పనికిరాదు. బిల్డర్‌ని పిలిచేచోటే ఫాంటు విలువని ఆ ఒక్క పిలుపుకి మార్చి ఇవ్వొచ్చు. నా ఎమిటర్ ఫాంటు పేరుని తనలో రాసుకోకుండా ఎన్విరాన్‌మెంట్ నుంచి తీసుకుంటోంది కాబట్టి డిపెండ్స్ కూడా దానంతట అదే ఒడియా ఫాంటు మీదకి వెళ్లింది. ఎస్‌కన్‌స్ట్రక్ట్‌లో కొత్తగా రాసింది ఒక్క లైను. ఒడియా మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో చదివి చెప్పే మనిషిని వెతకడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.